చెర్రీవుడ్ పైపులో చెర్రీ కలప ఎందుకు లేదు?

పొగాకు పైపుకి కట్టిన ఒక పాత చీటీ మీద ఇలా ఉంది: "బెంట్ చెర్రీవుడ్, రస్టికేటెడ్ బ్రయర్, శాడిల్ వల్కనైట్." చెర్రీవుడ్ అంటే చెర్రీ కలప కదా, మరి బ్రయర్ అనే ఇంకో కలప ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే పైపుని రెండు కలపలతో చేశారా? లేకపోతే చీటీ రాసినవాడికే తెలియదా? నిజానికి చీటీలో తప్పేమీ లేదు. ఆ పైపులో చెర్రీ కలప పిసరంత కూడా లేదు, అయినా అది చెర్రీవుడ్డే.

ఆ పైపు మల్లేశ్వరంలో ఉండే మా పిన్ని వాళ్ళ మామగారిది. నెల్లూరు నుంచి ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయిన తరం ఆయనది. సాయంత్రమైతే వరండాలో పడక్కుర్చీ, ఇంగ్లిష్ పేపరు, పైపు. ఆయన పోయాక పైపులన్నీ ఒక చెక్కపెట్టెలో మిగిలాయి. వాటికి ఫొటోలు తీసి అమ్మకానికి పెడదామనుకున్న మా తమ్ముడు, ఒక్కోదాన్నీ ఏమని రాయాలో తెలియక ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అన్నీ ఒకేలా ఉన్నాయి. పేర్లు చూస్తే మాత్రం కుక్కల పేర్లు, ఊళ్ళ పేర్లు, రాజుల పేర్లు" అన్నాడు.

వాడన్నది నిజమే. అయితే ఈ పేర్లు కష్టంగా ఉండటానికి కారణం వాటి సంఖ్య కాదు. ఐదారు వేరువేరు ప్రశ్నల జవాబుల్ని పక్కపక్కన పేర్చి, దాన్నంతా ఒకే పేరులా చదివేస్తున్నాం. బసవనగుడి హోటల్లో "ఓపెన్ బటర్ మసాలా" అంటే సర్వర్‌కి మూడు సంగతులు తెలుస్తాయి: దోసె మడవొద్దు, పైన వెన్న వెయ్యాలి, లోపల కూర ఉండాలి. పైపు చీటీ కూడా అలాంటిదే. ఆకారం ఏది, వంపు ఎంత, బౌల్ దేంతో చేశారు, పైతలం ఎలా ఉంది, నోట్లో పెట్టుకునే ముక్క ఏ తీరుది, అది దేంతో చేశారు. ఏ మాట ఏ ప్రశ్నకి జవాబో తెలిస్తే చాలావరకు చిక్కు వీడిపోతుంది. మిగిలే అసలు పేచీ ఒక్కటే. కొన్ని మాటలు ఒకచోట ఆకారాన్ని చెబుతాయి, ఇంకోచోట పదార్థాన్ని చెబుతాయి. చెర్రీవుడ్ అలాంటిదే.

ముందు భాగాల పేర్లు చెప్పుకుందాం. పొగాకు కూరే గిన్నె బౌల్. దాని లోపలి గుంట చేంబర్. బౌల్ నుంచి పక్కకి సాగే చెక్క భాగం షాంక్. షాంక్‌కి తొడిగే గొట్టం స్టెమ్, దాని చివర పళ్ళకి ఆనే చిన్న గట్టు బటన్. స్టెమ్ మొదట్లో ఉండే సన్నటి పొడుగాటి ముక్క టెనన్, అది వెళ్ళి కూర్చునే రంధ్రం మోర్టిస్. ఈ రెండు మాటలూ వడ్రంగం నుంచి వచ్చినవే. లోపల పొగ నడిచే సన్నటి దారి చేంబర్ అడుగున, సరిగ్గా మధ్యలో తెరుచుకోవాలి. పైపు మంచిదా కాదా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. పైకి ఎంత అందంగా ఉన్నా, ఈ రంధ్రం ఒక పక్కకి జరిగితే అడుగున పొగాకు తడిసి మిగిలిపోతుంది.

ఆకారాల దగ్గరికి వచ్చేసరికి కొత్తవాళ్ళు బౌల్ చూసి పేరు చెప్పాలని ప్రయత్నిస్తారు. సగం పేర్ల గుట్టు మాత్రం షాంక్‌లో ఉంటుంది. అన్నిటికీ మూలం అనుకోదగ్గది బిలియర్డ్. బౌల్ గోడలు దాదాపు నిటారుగా, నడుమ కొద్దిగా ఉబ్బి ఉంటాయి. షాంక్ గుండ్రంగా, ఇంచుమించు బౌల్ ఎత్తంత పొడవే ఉంటుంది. పైపు బొమ్మ గీయమంటే చిన్నపిల్లలు గీసేది ఇదే. బౌల్ పొట్టిదైతే పాట్, పొడుగైతే చిమ్నీ, గుండ్రంగా ఉబ్బితే యాపిల్. పక్కలు పలకలుగా చెక్కితే ప్యానెల్. ఇంతవరకు ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆ బిలియర్డ్ షాంక్‌ని బాగా సాగదీసి, స్టెమ్‌ని పొట్టి చేయండి. దీన్ని కెనడియన్ కుటుంబం అంటారు. ఇక్కడ రెండు విషయాలు చూడాలి. మొదటిది, షాంక్‌ని అడ్డంగా కోస్తే గుండ్రంగా కనిపిస్తుందా, కోడిగుడ్డులా కోలగానా. రెండోది స్టెమ్. అది షాంక్ దగ్గర నుంచి నోటిదాకా క్రమంగా సన్నబడితే టేపర్. మొదట్లోనే చటుక్కున దిగి, అక్కడి నుంచి పల్చటి పలకలా సాగితే శాడిల్, అంటే గుర్రపు జీను. కోల షాంక్‌కి టేపర్ ఉంటే కెనడియన్, శాడిల్ ఉంటే లంబర్‌మ్యాన్. గుండ్రటి షాంక్‌కి టేపర్ ఉంటే లివర్‌పూల్, శాడిల్ ఉంటే లవాట్. నాలుగింటికీ బౌల్ ఒకటే. మా తమ్ముడికి ఈ లెక్క చెప్పాక పెట్టెలో ఒకేలా కనిపించిన రెండు పైపులు వేరుపడ్డాయి: ఒకటి లవాట్, ఒకటి కెనడియన్.

బుల్‌డాగ్, రొడీషియన్ల తేడా కూడా ఇంతే సూక్ష్మం. రెండిటికీ బౌల్ మధ్యలో పొట్టలా ఉబ్బి, ఆ ఉబ్బు మీద చుట్టూ జంట గీతలు ఉంటాయి, పైభాగం గోపురంలా మూసుకువస్తుంది. షాంక్ వజ్రం ఆకారంలో నాలుగు అంచులతో ఉంటే బుల్‌డాగ్, గుండ్రంగా ఉంటే రొడీషియన్. డబ్లిన్‌కి బౌల్ గరాటులా పైకి వెళ్ళేకొద్దీ వెడల్పవుతుంది. దాన్నే కాస్త ముందుకి వాల్చి, స్టెమ్‌ని కొద్దిగా వంచితే జులు (Zulu). ఒక మాట ఇక్కడే చెప్పాలి. డబ్లిన్ ఆకారం వేరు, డబ్లిన్ నగరంలోని పీటర్సన్ కంపెనీ వేరు. పీటర్సన్ పైపు కనిపించగానే డబ్లిన్ అని రాసేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కంపెనీ అన్ని ఆకారాలూ చేస్తుంది.

మనుషుల పేర్లు కలిసినవీ ఉన్నాయి. బౌల్ పొట్టిగా, స్టెమ్ పొడుగ్గా, కొద్ది వంపుతో ఉండే ప్రిన్స్‌కి ఆ పేరు తర్వాత ఏడో ఎడ్వర్డ్‌గా రాజైన వేల్స్ యువరాజు నుంచి వచ్చిందంటారు. బాగా వంగి, బౌల్ గడ్డం దాకా వేలాడే పైపుని ఊమ్ పాల్ అంటారు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్‌ని జనం పిలుచుకున్న పేరది, మన లెక్కలో పాల్ మామయ్య. ఇక చర్చ్‌వార్డెన్ అన్నది బౌల్ సంగతే చెప్పదు. స్టెమ్ జానెడు దాటి బారుగా సాగితే చాలు, బౌల్ ఏ ఆకారమైనా అది చర్చ్‌వార్డెన్. వంపుని స్ట్రెయిట్, పావు, అర, ముప్పావు, ఫుల్ బెంట్ అని కొలుస్తారు. కచ్చితమైన డిగ్రీలేమీ లేవు, కంటి అంచనాయే.

ఇప్పుడు చెర్రీవుడ్. పూర్వం యూరప్‌లో చెర్రీ కొమ్మని అడ్డంగా కోసి, బెరడు తీయకుండా లోపల తొలిచి చవకరకం పైపులు చేసేవాళ్ళు. కొమ్మ కోత వల్ల అడుగు చదునుగా వచ్చేది. ఆ తీరు జనానికి నచ్చింది. తర్వాత అదే ఆకారాన్ని బ్రయర్‌లో చేసినా పేరు మాత్రం మారలేదు. అడుగు చదునుగా ఉండి బౌల్ కొంచెం వాలి ఉంటే చెర్రీవుడ్, వాలకుండా స్తంభంలా నిటారుగా ఉంటే పోకర్. రెండూ బల్ల మీద తమంతట తాము నిలబడతాయి. నిజంగా చెర్రీ కలపతో చేసినవి ఇప్పటికీ దొరుకుతాయి కాబట్టి, చీటీలో ఆ మాట పక్కన బ్రయర్ అని ఉందో లేదో చూడటం తప్ప వేరే దారి లేదు.

బ్రయర్ అనే మాట కూడా తికమక పెట్టేదే. ఇంగ్లిష్ నిఘంటువు తీస్తే ముళ్ళపొద అని ఉంటుంది. దీనికి ముళ్ళతో సంబంధం లేదు. ఎరికా ఆర్బోరియా అనే పొద వేరు మొదట్లో పెరిగే గడ్డ ఇది. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల, అంటే కోర్సికా, కలాబ్రియా, గ్రీసు, అల్జీరియా కొండల్లో పెరుగుతుంది. కార్చిచ్చులో పైన కొమ్మలన్నీ కాలిపోయినా ఈ గడ్డలోంచి పొద మళ్ళీ చిగురిస్తుంది. పైపుకి కావలసిన గుణం అదే: నిప్పుకి తట్టుకోవడం, తేమని పీల్చుకోవడం. దశాబ్దాల వయసున్న గడ్డని తవ్వి, కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టాక గానీ అది పైపుకి పనికిరాదు. ఫ్రాన్స్‌లో జూరా కొండల మధ్య ఉన్న సెయింట్ క్లోడ్ అనే ఊళ్ళో కలపని లేత్ మీద తిప్పే పనివాళ్ళు అప్పటికే ఉన్నారు. 19వ శతాబ్ది మధ్యలో బ్రయర్ వాళ్ళ చేతికి వచ్చాక ప్రపంచమంతా మట్టి పైపుల్ని వదిలి దీనివైపు తిరిగింది.

గడ్డ లోపలి భాగం నుంచి కోసిన చిన్న దిమ్మని ఎబోషాన్ అంటారు, బెరడు వైపు ఉన్న పెద్ద ముక్కని ప్లాటో అంటారు. నార గీతలు నడుమ నుంచి బయటికి పారతాయి కాబట్టి, ప్లాటోలో అవి బౌల్ అడుగు నుంచి అంచుకి నిలువుగా వచ్చేలా చెక్కడం సులువు. అదే స్ట్రెయిట్ గ్రెయిన్, ఖరీదైనది. గీతల చివర్లు చుక్కల్లా కనిపిస్తే బర్డ్స్ ఐ. బర్డ్స్ ఐ తక్కువరకం అనుకోనక్కర్లేదు. ఒకే దిమ్మని ఒక పక్కనుంచి చూస్తే గీతలు, ఇంకో పక్కనుంచి చూస్తే చుక్కలు. స్ట్రెయిట్ గ్రెయిన్‌కి అంత డబ్బు పోసేది కంటికి నచ్చి తప్ప, దానివల్ల పొగ రుచి మారుతుందని నేను నమ్మను.

బ్రయర్ పేరు పెట్టుకుని బ్రయర్ కానివి కూడా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా నుంచి సరుకు ఆగిపోతే అమెరికాలో వేరే పొదల గడ్డలతో పైపులు చేశారు. కాలిఫోర్నియా మంజనీటా గడ్డతో చేసినవాటిని మిషన్ బ్రయర్ అన్నారు. మన వైపు టూరిస్టు షాపుల్లో ఇత్తడి పొదిగి అమ్మే రోజ్‌వుడ్ పైపుల మీద అసలు ఏ పేరూ ఉండదు. వాటిని షోకేసులో పెట్టుకోవచ్చు. నూనెలు, రెసిన్లు ఉన్న ఆ కలపలో నిప్పు పెట్టి ఆ పొగ నోట్లోకి లాగడం మంచిది కాదు.

మీర్‌షామ్ విషయానికి వస్తే అది కలప కాదు, రాయి. శాస్త్రీయంగా సెపియోలైట్, మెగ్నీషియం సిలికేట్ జాతిది. హళేబీడు శిల్పాల బలపపు రాయికి దూరపు చుట్టం అనవచ్చు. మంచి రకం తుర్కియేలోని ఎస్కిషెహిర్ దగ్గర భూమిలోంచి తవ్వుతారు. ఎన్నో సన్నటి రంధ్రాలుండటం వల్ల ఆరిన ముక్క నీళ్ళ మీద తేలుతుంది. తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది కాబట్టి గడ్డాల సుల్తాన్లు, డేగ గోళ్ళు లాంటి శిల్పాలు చెక్కి, తేనెమైనంలో ముంచుతారు. కాల్చేకొద్దీ తెల్లటి రాయి పసుపై, తేనెరంగై, చివరికి గోధుమరంగుకి తిరుగుతుంది. సేకరించేవాళ్ళకి ఆ రంగే ముఖ్యం. ఒకే ముక్క నుంచి చెక్కితే బ్లాక్ మీర్‌షామ్, చెక్కగా రాలిన పొడిని జిగురుతో అతికి అచ్చుపోస్తే ప్రెస్డ్. ధరలో బోలెడు తేడా ఉంటుంది, ప్రెస్డ్ రకానికి రంగు కూడా సరిగా పట్టదు. బ్రయర్ బౌల్ లోపల బొగ్గు పొర కట్టనివ్వాలి, దాన్ని కేక్ అంటారు. మీర్‌షామ్‌లో కేక్ కట్టనివ్వకూడదు, వేడికి అది ఉబ్బి రాయిని పగలగొడుతుంది. పెట్టెలోని తెల్ల పైపుని తమ్ముడు గోరుతో గీకి చూడబోతే గట్టిగా కేకవేసి ఆపాను. గోరుకే గీత పడేంత మెత్తన అది.

ఈ మీర్‌షామ్ మాట కూడా దారి తప్పింది. మిస్సోరీ మీర్‌షామ్ అన్న పేరు చూసి రాతి పైపు అనుకునేరు. అది అమెరికాలోని ఒక కంపెనీ పేరు. వాళ్ళు చేసేవి మొక్కజొన్న గింజలు ఒలిచాక మిగిలే బెండుతో చేసే పైపులు. హెన్రీ టిబ్బీ అనే డచ్ వడ్రంగి మిస్సోరీ రాష్ట్రంలోని వాషింగ్టన్ అనే ఊళ్ళో 1869లో ఈ పని మొదలుపెట్టాడు. బెండు గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంట్ తీసుకున్నాడు. తేలిక, చల్లటి పొగ అన్న రెండు గుణాల్లో ఇది మీర్‌షామ్‌కి సాటి అని చెప్పుకోవడానికే ఆ పేరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సేనాని జనరల్ మెక్‌ఆర్థర్ నోట్లో ఫొటోల్లో కనిపించే పొడుగాటి పైపు కార్న్‌కాబే. మొత్తం రకాల్లోకెల్లా చవకైనది, నమ్మకంగా పనిచేసేది కూడా ఇదేనని నా అభిప్రాయం.

కలబాష్ మాత్రం మన వంటింటికి దగ్గరిది. అది సొరకాయ. లాజనేరియా సైసెరేరియా అన్న అదే జాతి. కోస్తాలో ఆనపకాయ అని కూరొండుకునేది, బాగా ముదిరి ఎండితే వీణకీ తంబురాకీ బుర్ర అయ్యేది. దక్షిణాఫ్రికాలో తీగ మీద ఉండగానే కాయ కింద ఆసరా పెట్టి, మెడ వంపు తిరిగేలా పెంచి, ఎండాక కోసి, పైన మీర్‌షామ్ గిన్నె కూర్చోబెడతారు. గిన్నెకీ బుర్రకీ మధ్య ఖాళీలో పొగ చల్లబడి స్టెమ్‌లోకి వెళుతుంది. ఇప్పుడు సొరబుర్ర లేకుండా, కలపని ఆ వంపులో చెక్కినవాటినీ కలబాష్ అనే అంటున్నారు. అంటే ఇదీ చెర్రీవుడ్ దారే పట్టింది. షెర్లాక్ హోమ్స్ అనగానే కలబాష్ గుర్తొస్తుంది కానీ, అసలు కథల్లో ఆయన కాల్చేవి మట్టి పైపు, బ్రయర్, చెర్రీవుడ్. కలబాష్ ఆయన నోటికి నాటకాలూ సినిమాలూ తగిలించినది.

మట్టి పైపుల గురించి ఒక్క సంగతి. 16వ శతాబ్ది చివర ఇంగ్లండులో పొగాకు బంగారంలా ఉండేది కాబట్టి బౌల్ వేలికొన పట్టేంత చిన్నది. పొగాకు చవకయ్యేకొద్దీ బౌల్ పెరిగింది. గొట్టం లోపలి రంధ్రం మాత్రం తరం తరానికీ సన్నబడుతూ వచ్చింది. జె. సి. హారింగ్టన్ అనే పురావస్తు పరిశోధకుడు 1954లో ఈ రంధ్రాల కొలతలతో తవ్వకాల కాలాన్ని లెక్కగట్టే పద్ధతి చెప్పాడు. విరిగిన మట్టి గొట్టం ముక్క నాణెంలా తేదీ చెబుతుందన్నమాట.

పైతలం మాటలు మూడే. స్మూత్ అంటే నునుపు. శాండ్‌బ్లాస్ట్ అంటే ఇసుకని బలంగా కొట్టి, మెత్తటి నార అరిగిపోయి గట్టి వలయాలు పైకి తేలేలా చేయడం. డన్‌హిల్ కంపెనీ 1917 ప్రాంతంలో షెల్ అన్న పేరుతో దీన్ని తెచ్చింది. రస్టికేటెడ్ అంటే ఉలితోనో పనిముట్టుతోనో గరుకుగా చెక్కడం. శాండ్‌బ్లాస్ట్ కలపలో ఉన్నదాన్ని చూపిస్తుంది, రస్టికేషన్ ఎక్కువగా లోపాన్ని దాచడానికే. లోపాన్ని పుట్టీతో పూడ్చి నునుపు చేస్తే దాన్ని ఫిల్ అంటారు, రంగు వెలిశాక గులాబీరంగు మచ్చలా బయటపడుతుంది.

స్టెమ్‌లో వల్కనైట్ అన్నది గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. ఇంకో పేరు ఎబొనైట్. రాజమండ్రి రత్నం పెన్నులు చేసే ఎబొనైట్ ఇదే. పళ్ళకి మెత్తగా ఉంటుంది, అందుకే ఇష్టపడతారు. ఎండా గాలీ తగిలి ఆకుపచ్చ గోధుమరంగుకి తిరిగి చేదెక్కడం దాని రోగం. ఆక్రిలిక్ మెరుపు తగ్గదు, కానీ పళ్ళకి గాజులా తగులుతుంది. ఎర్రటి గోధుమ చారలున్న వల్కనైట్‌ని కంబర్లాండ్ అంటారు. స్టెమ్‌కి టెనన్ లేకుండా కొస కోసుగా ఉండి, లోహపు పట్టీ ఉన్న షాంక్‌లోకి ఊరికే దూరితే అది ఆర్మీ మౌంట్. దీన్ని వేడిగా ఉన్నప్పుడు కూడా లాగొచ్చు. మామూలు పైపుని వేడి మీద లాగితే షాంక్ పగులుతుంది.

పైపు పొగని గుండెల్లోకి లాగరు కాబట్టి ఏం కాదని పిన్ని వాళ్ళ మామగారు అంటుండేవారట. పెదవికీ నాలుకకీ గొంతుకీ వచ్చే క్యాన్సర్లకి ఆ లెక్క తెలియదు. నేను రాసింది వస్తువు గురించి, అలవాటు గురించి కాదు.

అమ్మకానికి పెట్టేటప్పుడు మాత్రం ఇంకో మాట తెలియాలి. ఎస్టేట్ పైపు. బెంగళూరులో ఎస్టేట్ అంటే కొడగు కాఫీ తోట గుర్తొస్తుంది, ఇక్కడ మాత్రం ఒకరు వాడి వదిలిన పైపు అని అర్థం. వాడనిదైతే అన్‌స్మోక్డ్ అని వేరే రాయాలి. షాంక్ మీద చెక్కిన అక్షరాలూ అంకెల్ని నామెన్‌క్లేచర్ అంటారు. కంపెనీ, దేశం, ఆకారం నంబరు అందులోనే ఉంటాయి. ఒక కంపెనీ నంబరు ఇంకో కంపెనీకి పనికిరాదు. ఇంపోర్టెడ్ బ్రయర్ అని ఉంటే అది అమెరికాలో తయారైనది అయ్యే అవకాశం ఎక్కువ, వాళ్ళకి బ్రయర్ బయటినుంచే రావాలి కాబట్టి. మెరుపు వస్తుందని షాంక్‌ని శాండ్‌పేపర్‌తో రుద్దేముందు ఆ ముద్రకి ఏటవాలు వెలుతురులో ఫొటో తీసుకోండి. ఒకసారి అరిగిందంటే కొనేవాడు దాన్ని పేరులేని పైపు కింద కట్టి, సగం ధర కూడా ఇవ్వడు.